కత్తులు తీసిన బండి

ముందు కత్తులు విప్పాలి.
పదిహేడో నంబరు స్పానరు, ఒక గూటం, రెండు బూతులు.
ఆరేళ్ళ పచ్చిక రసం ఎండి
నల్లటి చెక్కులా పట్టేసిన బోల్టు
చివరికి ఊఁ అంది.
రెండు రెక్కలూ షెడ్డు మేకుకి తగిలించాను.
గాలికి ఒకదాన్నొకటి తాకి
ఖాళీ కంచాల్లా మోగాయి.

"కత్తుల్లేకపోతే ఇదేం బండి బాబాయ్?"
టార్చిలైటు పట్టుకున్న కృపామణి అడిగింది.
"రేపు నువ్వే చెప్పాలి, ఆయ్" అన్నాను.

కడియపులంకలో ఈ పసుపు బండికి పని ఒకటే.
హైదరాబాదు మేడల ముందు పరిచే గడ్డిని
దువ్వెన పెట్టినట్టు కత్తిరించడం.
మనిషి నడక కన్నా ఒక పిసరు జోరు.
ఉరకమని దీనికెవరూ చెప్పలేదు.

దాళ్వా కోతలైపోయాయి, కాలవలు కట్టేశారు.
బుర్రిలంక అవతల త్రిమూర్తులు గారి నాలుగెకరాలు
మోళ్ళతో, నెర్రెలతో వెల్లకిలా పడున్నాయి.
పొద్దున్నే అక్కడ పందెం. తొమ్మిది బండ్లు.
గెలిచినోళ్ళకి కొత్త బ్యాటరీ, ఒక పనసకాయ.

ఇంజను పక్కన చిటికెన వేలంత స్ప్రింగు,
గవర్నరంటారు దాన్ని.
ఇంజను గొంతెత్తబోతే
చాల్లే, అని చెవి మెలిపెట్టేది అదే.
విప్పి అరచేతిలో పెట్టుకున్నాను.
ఇంతేనా దీని బరువు!
నాక్కూడా ఉండేదొకటి, మా మేస్త్రి గొంతుతో.
ఆయన పోయి పన్నెండేళ్ళయినా
మొన్నమొన్నటిదాకా పనిచేసింది.
పూర్తిగా తీసెయ్యలేదు.
రాడ్డు విరిగితే ఇంజను పొట్ట చీల్చుకుని వస్తుంది.
ఒక చుట్టు వదులు చేసి, మళ్ళీ తగిలించాను.

ఇంజనుకి పెద్ద పుల్లీ, గేరుబాక్సుకి చిన్న పుల్లీ.
రాజమండ్రి పాతసామాన్ల కొట్లో
ఒక పిండిమర కళేబరంలోంచి ఏరుకొచ్చాను, కేజీల లెక్కన.
తుడిచినా గాడిలో తెల్లటి పిండి ఇంకా ఉంది,
ఎవరి రొట్టెలదో.
ముందు ఇరుసు కోసి, నాలుగంగుళాలు దించి అతుకేశాను.
స్టీరింగులో జానెడు ఆట ఉంటే
ఆటో తాలూకు రాడ్డేసి బిగించాను.
బానెట్టు తీసేశాం. మెత్తటి సీటు తీసేసి
చెక్క ముక్క కొట్టాం.
గడ్డి మోసే డబ్బా అయితే
ఎప్పుడు తీసేశామో కూడా గుర్తు లేదు.

బరువు తూచాలంటే ఎరువుల కాటా ఎక్కింది కృపామణి.
నలభై రెండు కేజీలు, చెప్పులతో.
రోజూ రెండొందల గడ్డి చాపలు చుట్టి లారీకెత్తే పిల్ల.
"ఎప్పుడైనా దానిమీద కూర్చున్నావంటే?" అన్నాను.
"అణిగిపోద్దంటారు కదా" అంది,
స్పార్క్ ప్లగ్గు గరుకు కాగితంతో రుద్దుతూ.

ఆఖరున తాడు.
నడిపేవాళ్ళు పడిపోతే ఇంజను ఆగిపోవాలి.
వైరు దగ్గర ఒక పిన్ను, పిన్నుకి తాడు,
తాడు రెండో కొస మణికట్టుకి.
నైలాను దొరకలేదు. మొక్కల వేళ్ళగడ్డలు కట్టే
కొబ్బరి పీచు తాడే పేని ఇచ్చాను.
బండి స్టార్టు చేశాం. షెడ్డు రేకులు వణికాయి.
పక్క షెడ్డులో నూకరాజు ఏదో తిట్టాడు, వినబడలేదు.
చెయ్యి లాగమన్నాను.
లాగింది.
టప్పున ఆగిపోయింది అంతా.
కీచురాళ్ళు.
"మళ్ళీ" అంది.
మళ్ళీ లాగింది, మళ్ళీ ఆగింది.
"ఇంకొక్కసారి బాబాయ్."
పెట్రోలు ఖర్చవుతోందని అనబోయి ఊరుకున్నాను.
తను చెయ్యి లాగితే ఒకటి ఆగడం
బహుశా ఈ పిల్లకి ఇదే మొదలు.

సోమవారం ఆరింటికల్లా
దీనికి కత్తులు బిగించి ఇచ్చెయ్యాలి.
ఓనరుకి కార్బొరేటరు రిపేరని చెప్పాను.

మూడింటికి బయలుదేరాం, చెరో పక్క తోసుకుంటూ.
ఏసుపాదం గారి గడ్డి మడి దగ్గర
"ఆగు" అంది.
చెప్పులు విడిచి, మడిలోకి దిగి
మధ్యలో కూర్చుంది.
నేను బీడీ వెలిగించుకుని అటు తిరిగాను.

వచ్చేసరికి పరికిణీ వెనక తడి,
తాడు ఇంకా మణికట్టుకే.
అణిగిన గడ్డి ఒక్కొక్క పోచే లేస్తోంది.
"పద" అంది.
పెట్రోలు మిగులుతుందని
గట్టు పొడుగునా తోసుకుంటూనే పోయాం.